గాలికి తాళం

గాలిమరకు ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉంది. అది గాలి. ఈ సత్యాన్ని కనిపెట్టింది మా కార్యాలయం. కనిపెట్టి చేతులు ముడుచుకుని కూర్చోలేదు, తగు నివారణ చర్యలు కూడా తీసుకుంది. ఆ చర్యలన్నింటికీ చిత్తుప్రతులు రాసింది నేనే గనుక జరిగింది జరిగినట్టు చెప్పే అర్హత నాకుంది. నేను అక్కడ సూపరింటెండెంటుని.

మా జిల్లాకు వాన చుట్టపుచూపుగా వస్తుంది. గాలి మాత్రం ఇల్లరికపు అల్లుడిలా తిష్ట వేస్తుంది. ఆషాఢం వచ్చిందంటే పంచె కట్టిన మగవాడు రెండు చేతులూ పంచెకే కేటాయించాలి. గొడుగు తెరిచినవాడు గొడుగు ఎటు పోతే అటు పోవాలి. ఈ గాలిని చూసి ముచ్చటపడిన పైవాళ్లు 'పల్లెకో చిన్న గాలిమర' అని ఒక పథకం పెట్టారు. రోడ్డు మీద పోతుంటే కొండల మీద కనిపిస్తాయే, ఆ మహాకాయాలు కావు ఇవి. బారెడు రెక్కలు మూడు, వెనక ఒక తోక, కింద ఒక స్తంభం. ఒక మోటారు ఆడడానికి సరిపడా కరెంటు ఇస్తుంది, అంతే.

గుండ్లమిట్టకు అలాంటి మర ఒకటి వచ్చింది. పేరుకు తగ్గట్టే అదంతా గుండ్రాళ్ల మిట్ట. దిగువన బోరు, నడుమ ఊరు, కొసన గాలిమర, మర పక్కనే నీళ్ల ట్యాంకు. మర తిరిగితే బోరు నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి, ట్యాంకు నుంచి ఊళ్లో కొళాయికి దిగుతాయి. మర రాకముందు ఆ ఊరి ఆడవాళ్లు దిగువ నుంచి బిందెలు మోసేవాళ్లు. వార్డు మెంబరు సంజమ్మ పెద్దకోడలు అనుమక్క అలా బిందెతో ఎక్కుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ కాలు మళ్లీ సరిగా అతకలేదు. అప్పట్నుంచి సంజమ్మ మా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, మా అటెండరు కన్నా ఎక్కువ హాజరు వేయించుకుని, ఆ మరను సాధించింది. నీళ్లొచ్చిన మొదటి రోజు కొళాయి కింద బిందె పెట్టి, అది నిండి పొర్లిపోతున్నా తీయకుండా చూస్తూ నిలబడిందట.

సరిగ్గా ఆ ఏడే ఆషాఢంలో పక్క డివిజన్లో ఒక మర రెక్క విరిగింది. వెంటనే పైనుంచి ఉత్తర్వు దిగింది. 'గాలిమరలకు గానీ, వాటికి సంబంధించిన ఏ ఇతర ప్రభుత్వ ఆస్తులకు గానీ గాలి వలన ఎట్టి నష్టము వాటిల్లినను, సదరు నష్టమునకు సంబంధిత కార్యనిర్వాహక ఇంజనీరు వ్యక్తిగతముగా బాధ్యుడగును.'

మా కార్యనిర్వాహక ఇంజనీరు పరాంకుశం గారు. కోస్తా నుంచి వచ్చినాయన. ఆయన ప్రమోషను అప్పటికే గుమ్మం దాకా వచ్చి చెప్పులు విడుస్తోంది. అలాంటి సమయంలో ఈ ఉత్తర్వు చదివి ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ చదివారు. తర్వాత కిటికీ మూయించారు.

మర్నాడే మీటింగు. మరలు సరఫరా చేసిన కంపెనీ నుంచి ప్రతినిధి వచ్చాడు. టై కట్టుకుని, నవ్వు మొహం పెట్టుకుని.

"తమరు కంగారు పడనక్కర్లేదు సార్. మా మరకు సొంత రక్షణ ఉంది. గాలి మితిమీరితే తోక దానంతట అదే మడుచుకుంటుంది. మర పక్కకు తిరిగి గాలికి మొహం తప్పిస్తుంది. గాలి తగ్గాక మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తుంది" అన్నాడు.

"ఎవరి అనుమతితో?" అన్నారు పరాంకుశం గారు.

"అంటే... దానంతట అదే సార్."

"ప్రభుత్వ ఆస్తి దానంతట అదే దిశ మార్చుకోవడమా? నా కుర్చీని కిటికీకి ఎడంగా జరుపుకోవడానికి నేను పైకి రాసి అనుమతి తెచ్చుకున్నానయ్యా! సమర్థ అధికారి ఆమోదం లేకుండా ఒక తోక ఎలా మడుచుకుంటుంది?" అని మా అందరి వైపు చూశారు. "పైగా గాలి ఎక్కువైనప్పుడు మొహం తప్పిస్తుందా? పని ఎక్కువైనప్పుడు మొహం తప్పించే ఉద్యోగిని మనం ఏమంటాం?"

అందరం మర్యాద కోసం కిందికి చూశాం.

"తమరు చెప్పిందీ నిజమే సార్" అన్నాడు కంపెనీ ప్రతినిధి. అతని బిల్లు ఇంకా పాసు కాలేదు.

తోకను కదలకుండా వెల్డింగు చేయించాలని తీర్మానమైంది. టెండరు పిలిచాం. చౌడప్పకు దక్కింది. చౌడప్ప టెండరు వేశాడంటే మిగతా కాంట్రాక్టర్లు కాఫీ తాగి వెళ్లిపోతారు, అంత తక్కువకు వేస్తాడు. మిట్టెక్కి ఏదో మెరిపించాడు, దిగొచ్చాడు. పని సంతృప్తికరం అని నేనే రాశాను.

అప్పుడు కంపెనీ ప్రతినిధి మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "తోక బిగించేశాం కదా సార్. ఇప్పుడిక గట్టి గాలొస్తే మర తప్పించుకోలేదు. విరుగుతుంది."

"చూశారా, గాలి ప్రమాదకరమని మేం మొదట్నుంచీ అంటూనే ఉన్నాం" అన్నారు పరాంకుశం గారు.

కాబట్టి ఏ గాలి ప్రమాదరహితమో తేల్చడానికి ఒక సాంకేతిక ఉపసంఘం వేశాం. వాళ్లు గాలి కొలిచే పరికరం పట్టుకుని మిట్టెక్కారు. చాలా శ్రద్ధగా పని చేశారు. మర రెక్కలు కదలనంత వరకు ఏ ప్రమాదమూ లేదనీ, రెక్కలు కదలడం మొదలైన క్షణం నుంచీ ప్రమాదం కూడా మొదలవుతుందనీ నివేదిక ఇచ్చారు. దాని మీద ఉత్తర్వు తయారుచేశాం. ప్రమాదరహితమైన గాలి వీచినప్పుడు మరను తిరగనివ్వవచ్చు. మిగతా సమయాల్లో బ్రేకు వేసి ఉంచాలి.

ఉత్తర్వు అమలైన వారానికే సంజమ్మ ఆఫీసుకొచ్చింది. కొంగు నడుముకు చెక్కుకుని పరాంకుశం గారి బల్ల ముందు నిలబడింది.

"సార్, మర నిలబడిపోయిండాది. నీళ్లు రాల్యా."

"నిలబడలేదమ్మా, నిలిపి ఉంచాం. రక్షణ నిమిత్తం."

"ఎవురి నుంచి సార్ రక్షణ?"

"గాలి నుంచి."

సంజమ్మ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

"గాలి కోసమే గదా సార్ దాన్ని ఆడ నాటింది?"

"చూడమ్మా, గాలి వేరు, ప్రమాదరహితమైన గాలి వేరు. ప్రమాదరహితమైన గాలి వచ్చినప్పుడు తప్పకుండా తిప్పుతాం."

"అది ఎప్పుడొస్తాది?"

"వచ్చినప్పుడు లిఖితపూర్వకంగా తెలియజేస్తాం."

"అంతవరకు మా ఆడోళ్లు మళ్లా బిందెలు మోయాల్నా? పెద్దకోడలికి ఒక కాలు పాయె. చిన్నకోడలికి రెండు కాళ్లూ బాగుండాయి సార్, అవన్నా మిగలనీండి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. పరాంకుశం గారికీ గుచ్చుకున్నట్టే ఉంది. కాసేపు పేపరు వెయిటు తిప్పి, "కాళ్ల విషయం మన శాఖ పరిధిలోకి రాదు. ఈమె అర్జీని ఆరోగ్య శాఖకు పంపండి" అన్నారు.

బ్రేకు వేశాక అయినా ఆయన మనసు కుదుటపడాలి కదా. పడలేదు. ఒకరోజు స్వయంగా మిట్టెక్కి చూశారు. బ్రేకు వేసిన రెక్కలు గాలికి సన్నగా అదురుతున్నాయి. పరాంకుశం గారు వాటి వైపే చూస్తూ, "వణుకుతోందయ్యా" అన్నారు. ఆ గొంతులో నిజమైన జాలి ఉంది. "మనం తిరగనివ్వకపోయినా గాలి దీన్ని ముట్టుకుంటూనే ఉంది. అసలు గాలి దీని దగ్గరకే రాకూడదు."

ఆ విధంగా 'గాలి నిరోధక ప్రాకారం' పుట్టింది.

స్తంభమంత ఎత్తు గోడ కట్టాలంటే అంచనా చాంతాడంత అయింది. పైవాళ్లు తిప్పి కొట్టారు. గోడ ఎత్తు పెంచడానికి పద్దు లేదు, స్తంభం ఎత్తు తగ్గించడానికి మాత్రం ఉంది. కాబట్టి స్తంభాన్ని కోయించాం. ఇప్పుడు మర రెండు నిలువుల ఎత్తున ఉంది, దాని చుట్టూ అంతకన్నా ఎత్తున గోడ లేచింది. కట్టింది మళ్లీ చౌడప్పే. రాళ్లు కొనడం దేనికని మిట్ట మీద చేతికందిన గుండ్రాళ్లన్నీ ఏరి పేర్చాడు. సిమెంటు కాగితాల మీద చిక్కగా, గోడలో పలచగా పడింది. గేటు మాత్రం పైనుంచి వచ్చిన సరుకు. ఇనుప స్తంభాలతో, బారెడు లోతున పాతి, పెద్ద తాళం వేసి బిగించారు.

గోడ పూర్తయిన రోజు పరాంకుశం గారు గేటు తాళం తీయించి లోపలికి వెళ్లి, ఒక అగ్గిపుల్ల వెలిగించారు. బయట గాలి హోరెత్తిపోతోంది. లోపల ఆ మంట తొణకలేదు, బెణకలేదు. పుల్ల చివరి దాకా కాలి ఆయన వేలు కూడా చురుక్కుమంది. మేమంతా చప్పట్లు కొట్టాం. మరకు గాలి తగలడం లేదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది?

కానీ ప్రభుత్వ కొలువులో సంతోషం ఎంతసేపుంటుంది? గోడ మీద ఆస్తి నంబరు రాయించగానే అదీ ప్రభుత్వ ఆస్తి అయిపోయింది. గాలి ఇప్పుడు మరను వదిలి గోడను కొడుతోంది. గోడకు నష్టం వాటిల్లితే బాధ్యుడెవరు? ఉత్తర్వులో ఉంది. కాబట్టి గోడను గాలి నుంచి కాపాడడానికి దాని చుట్టూ కానుగ మొక్కలు నాటించాం. మొక్కలకు నీళ్లు కావాలి. పక్కనే ట్యాంకు ఉంది గానీ మర తిరగదు గనుక అందులో నీళ్లు లేవు. అందుచేత ఉపాధి పనుల కింద ఊరి ఆడవాళ్లనే పెట్టాం. దిగువ బోరులో బిందెలు ముంచుకుని, తమ ఇళ్ల ముందు నుంచే ఎక్కి, కొసన మొక్కలకు పోసి రావాలి. మొదట్లో తమ ఇంటి వరకు మోసేవాళ్లు. ఇప్పుడు అంతకు రెట్టింపు మోస్తున్నారు. మోసేవాళ్లలో సంజమ్మ చిన్నకోడలూ ఉంది, సంజమ్మా ఉంది.

తనిఖీకి వెళ్లినప్పుడు సంజమ్మ బిందె దించి నన్ను అడిగింది.

"ఒక మాట సార్, కోపం చేసుకోవద్దండ. ఈ చెట్లు ఏమిటికి?"

"గోడను కాపాడడానికి."

"గోడ?"

"మరను కాపాడడానికి."

"మర?"

"నీళ్లివ్వడానికి."

"నీళ్లు?"

"చెట్లకు" అనేసి నాలుక కరుచుకున్నాను. సంజమ్మ నవ్వలేదు. బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. నవ్వి ఉంటే నాకు ఆ పూట అన్నం సయించేది.

ఈలోగా మా మర కీర్తి పైకి పాకింది. రాష్ట్రంలో ఉన్న చిన్న గాలిమరలన్నింటిలో గాలి వలన ఏ నష్టమూ జరగనిది మాదొక్కటే. డైరెక్టరు గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. వచ్చి మెచ్చుకుంటే పరాంకుశం గారి ప్రమోషను చెప్పులు విడిచి లోపలికొచ్చినట్టే.

డైరెక్టరు గారు వచ్చే ముందు ఏర్పాట్లు చూడ్డానికని పరాంకుశం గారు మంచి ఘడియ చూసుకుని మిట్టెక్కడం మొదలుపెట్టారు. నేను వెనక ఫైలుతో ఉన్నాను. పది అడుగులు వేశామో లేదో, మొక్కలకు నీళ్లు పోసి ఇద్దరు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఎదురొచ్చారు.

ఆయన నిలువునా ఆగిపోయారు. "ఖాళీ బిందె!" అన్నారు. శుభమా అని బయలుదేరితే ఖాళీ బిందె ఎదురవడం కన్నా అపశకునం ఏముంది? వెనక్కి దిగి, జీపులో కూర్చుని, రెండు గుక్కల నీళ్లు తాగి, మళ్లీ బయలుదేరారు. ఈసారి సంజమ్మ చిన్నకోడలు ఎదురొచ్చింది, చంకలో బిందె బోర్లించుకుని. మళ్లీ వెనక్కి. మళ్లీ కూర్చోవడం, నీళ్లు తాగడం, లేవడం. మూడోసారి సాక్షాత్తు సంజమ్మే వస్తోంది. పరాంకుశం గారి సీసాలో నీళ్లయిపోయాయి.

"ఏమ్మా! ఖాళీ బిందెలతో ఇలా బారులు తీరి ఎదురు రావడమేమిటి? బుద్ధుందా?" అని అరిచారు.

"చెట్లకు పోసినాక బిందె ఖాళీ గాక ఏమైతాది సార్?"

"ఏదో ఒకటి వేసుకుని దిగండమ్మా! రాయో రప్పో! ఖాళీగా మాత్రం దిగడానికి వీల్లేదు. ఏమయ్యా సూపరింటెండెంటూ, దీని మీద వెంటనే ఒక సర్క్యులరు పెట్టు."

పెట్టాను. 'గుండ్లమిట్టపై విధులు నిర్వర్తించు మహిళలు, అధికారుల రాకపోకలను దృష్టిలో నుంచుకొని, ఎట్టి పరిస్థితులలోను ఖాళీ బిందెలతో క్రిందికి దిగరాదు. బిందె యందు రాయి గాని, తత్సమానమైన ఏదేని ఘనపదార్థము గాని విధిగా ఉంచవలెను.' అధికారులు ఏ పూట వస్తారో ముందుగా చెప్పలేం గనుక, ఇది అన్ని రోజులకూ వర్తిస్తుందని చివర ఒక వాక్యం కలిపాను. పని ఒకసారి చేస్తే పక్కాగా ఉండాలని నా పట్టుదల.

డైరెక్టరు గారు వచ్చారు. గోడ చూశారు, గేటు చూశారు, తాళం చూశారు. బాగుంది బాగుంది అన్నారు. లోపలికి వచ్చి మర ముందు నిలబడి, "ఏదీ, ఒకసారి తిప్పండి" అన్నారు.

పరాంకుశం గారు దీనికి సిద్ధంగానే ఉన్నారు. బ్రేకు తీయించి చెయ్యి ఊపారు. సంజమ్మ మరిది అక్కులప్ప తన ట్రాక్టరును గేటులోంచి రివర్సులో తెచ్చాడు. దాని వెనక వేరుశెనక్కాయలు తూర్పారబట్టే పెద్ద ఫ్యాను ఉంది. ట్రాక్టరు స్టార్టు చేయగానే ఫ్యాను గుర్రుమని తిరిగింది. కిందటి సీజను పొట్టు, దుమ్ము ఒక్కసారిగా లేచి డైరెక్టరు గారిని అభిషేకించాయి. మర రెక్కలు మాత్రం గిర్రున తిరిగాయి.

"ఏమిటిది?" అన్నారు డైరెక్టరు గారు, మీసాల్లోంచి పొట్టు తీసుకుంటూ.

"నియంత్రిత గాలి సార్. పూర్తిగా మన శాఖ అదుపులో ఉంటుంది. కావలసినప్పుడు వస్తుంది, వద్దన్నప్పుడు ఆగుతుంది. బయటి గాలిలా విచ్చలవిడిగా ఉండదు."

డైరెక్టరు గారు చాలాసేపు తల ఊపారు. ట్యాంకులో సన్నగా నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. వరసలో నిలబెట్టిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంజమ్మ వరస దాటి ముందుకొచ్చి చేతులు జోడించింది.

"పెద్దసారూ, ఈ ఫ్యానుకు డీజిలు కావాల. ఆ గోడకు అవతల దేవుడు పెట్టిన ఫ్యాను ఊరికే తిరుగుతాండాది సార్, ఏమీ అడగదు. దాన్ని రానీండి. మాకు నీళ్లొస్తాయి."

"చక్కటి సూచన. నోట్ చేసుకోండి" అన్నారు డైరెక్టరు గారు. నేను నోట్ చేసుకున్నాను. నోట్ చేసుకున్న దానికి మా శాఖలో ఏ గతి పడుతుందో నాకు తెలుసు గనుక సంజమ్మ కళ్లలోకి చూడలేకపోయాను.

వెళ్తూ వెళ్తూ డైరెక్టరు గారు మర వైపు ముచ్చటగా తిరిగారు. "బ్రేకు తీసిన మర ఎంత అందంగా ఉందయ్యా! నా ఉత్తర్వు లేకుండా మళ్లీ బ్రేకు వేయకండి" అని అక్కడికక్కడే సంతకం చేసి ఇచ్చారు. పై నెలలో మాకు 'శూన్య నష్ట పురస్కారం' వచ్చింది. ఆ పై నెలలో ఆయనకు బదిలీ అయింది. కొత్త డైరెక్టరు ఇంకా రాలేదు. ఆ ఉత్తర్వు రద్దు చేయడానికి ఆ కుర్చీలో ఎవరూ లేరు. బ్రేకు తీసింది తీసినట్టే ఉండిపోయింది. గోడ లోపల గాలే లేదు గనుక దానివల్ల ఏ ప్రమాదమూ లేదని ఫైల్లో రాశాను.

ఎండాకాలం పోయాక ఒకసారి తనిఖీకి వెళ్లాను. గేటు బయట నిలబడి తాళం వెతుక్కుంటుంటే గోడ మీదుగా మర తోక కనిపించింది. అంతకుముందు కనిపించేది కాదు. నేను పొడుగెదిగే వయసు కాదు. వెనక వైపు వెళ్లి చూస్తే గోడ నా నడుము దాకా ఉంది. సంజమ్మ మొక్కకు నీళ్లు పోసి, బిందె పక్కన పెట్టి, గోడలోంచి ఒక గుండ్రాయిని చిగురు నుంచి పన్ను తీసినంత నిదానంగా ఊడదీసి బిందెలో వేసుకుంటోంది.

"సంజమ్మా! ఏం చేస్తున్నావ్?"

"సర్కులరు ప్రకారమే సార్. ఖాళీ బిందెతో దిగొద్దని మీరే గదా రాసిస్తిరి. రాయేసుకోమంటిరి."

"అయితే గోడ రాళ్లే దొరికాయా?"

"మిట్ట మీదుండే రాళ్లన్నీ ఏరి చౌడప్ప గోడలోనే పెట్టె. ఇంగ యాడ దొరుకుతాయి సార్?"

నేను బుర్ర గోక్కున్నాను. సర్క్యులరును మనసులో మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నాను. ఆమెది ఎక్కడా ఉల్లంఘన కాదు. కిందికి వచ్చి చూస్తే ఆ రాళ్లతో ఊరి కొళాయి చుట్టూ నున్నటి దిమ్మె కట్టుకున్నారు. దాని మీద అనుమక్క కాలు చాపుకుని కూర్చుంది. గాలి రోజులు ఇంకా మొదలవలేదు గనుక కొళాయిలో నీళ్లు లేవు. కొళాయి మాత్రం తళతళ తోమి ఉంది.

ఆఫీసుకొచ్చి పరాంకుశం గారికి విన్నవించాను. ఆయన తలుపు వేయించారు.

"గోడకు నష్టం వాటిల్లిందని నువ్వు రాశావనుకో. బాధ్యుడెవరు?"

"తమరే సార్."

"మరి గోడకు నష్టం వాటిల్లిందా?"

"లేదు సార్."

"అదీ."

ఆషాఢం వచ్చింది. ఆ ఏడు గాలి మామూలు గాలి కాదు. మా ఆఫీసు బోర్డు ఊడి తహశీల్దారు ఆఫీసు ముందు పడింది. పరాంకుశం గారికి నిద్ర లేదు, తిండి లేదు. ప్రమోషను ఉత్తర్వులు టైపవుతున్నాయని అప్పుడే కబురు వచ్చింది. తోక బిగించిన మర, బ్రేకు లేదు, గోడ సంగతి మా ఇద్దరికే తెలుసు. మూడో రోజు పొద్దున ఆయన జీపు తెప్పించారు.

మిట్ట ఎక్కుతుంటే గాలి మమ్మల్ని వెనక్కి నెడుతోంది. నా చేతిలోంచి ఫైలు లేచి, కాగితాలు కాగితాలుగా విడిపోయి, పక్క మండలం వైపు వెళ్లిపోయింది. పైకెక్కి చూస్తే గోడ లేదు. ఒక్క రాయి లేదు. గేటు మాత్రం రెండు ఇనుప స్తంభాల మధ్య తాళంతో సహా ఒంటరిగా నిలబడి ఉంది. దాని వెనక గాలిమర హోరున తిరుగుతోంది.

పరాంకుశం గారు కళ్లు మూసుకున్నారు. అప్పుడే ఒక పెద్ద విసురు వచ్చింది. రెక్కలు విరిగి వచ్చి మీద పడతాయని నేను వంగిపోయాను. ఏమీ పడలేదు. తలెత్తి చూస్తే మర తోక మడుచుకుని, మొహం పక్కకు తిప్పుకుని, కుదురుగా తిరుగుతోంది. విసురు తగ్గగానే తోక చాపి మళ్లీ గాలికి ఎదురు తిరిగింది. చౌడప్ప వేసిన వెల్డింగు మొదటి గాలికే విడిపోయింది. పని సంతృప్తికరం అని నేను రాసింది అక్షరాలా నిజమైంది.

"ఎవరి అనుమతితో..." అని పరాంకుశం గారు ఏదో మొదలుపెట్టారు. మిగతా మాటలు గాలి పట్టుకుపోయింది.

పక్కన ట్యాంకు నిండి పొర్లుతోంది. కింద ఊళ్లోంచి ఆడవాళ్ల కేకలు, బిందెల చప్పుడు. తొంగి చూశాను. కొళాయి దిమ్మె మీద అనుమక్క కూర్చుని, పారే నీళ్లలో ఆ అతకని కాలు పెట్టుకుని బట్టలు ఉతుకుతోంది. నాకు సంతోషమేసింది. ఉద్యోగ ధర్మానికి ఇది విరుద్ధమని తెలిసినా వేసింది.

దిగొచ్చాక పరాంకుశం గారు రెండు రోజులు ఆలోచించారు. మళ్లీ గోడ కట్టిద్దామా అంటే ఇబ్బంది ఉంది. రికార్డు ప్రకారం గోడ ఉంది. దానికి పురస్కారం కూడా వచ్చింది. ఉన్న గోడ మీద మళ్లీ గోడ కట్టడానికి ఏ నిబంధనా ఒప్పుకోదు. లేదని రాద్దామా అంటే నష్టం, నష్టానికి బాధ్యుడు, బాధ్యుడికి ప్రమోషను రాదు. చివరికి ఆయన నన్ను పిలిచి ఒకే ఒక్క వాక్యం చెప్పి రాయించారు. 'ఇటీవలి తీవ్ర గాలులలో సైతము ప్రాకారమునకు గాలి వలన ఎట్టి నష్టమును వాటిల్లలేదు, గాలిమర సురక్షితముగా నున్నది.' ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన ప్రమోషను మీద రాజధానికి వెళ్లిపోయారు. ఇప్పుడు అన్ని జిల్లాల్లోనూ ఇలాంటి ప్రాకారాలు కట్టించే పనిలో ఉన్నారని విన్నాను.

నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. ఏటా ఆషాఢానికి ముందు గుండ్లమిట్ట ప్రాకారాన్ని తనిఖీ చేసి, చెక్కుచెదరలేదని ధ్రువపత్రం రాయడం నా విధి. మొన్న కూడా వెళ్లాను. ఆయాసపడుతూ పైకెక్కి, గేటు ముందు నిలబడి, తాళం తీసి, లోపలికి వెళ్లాను. మరను చూశాను. తిరుగుతోంది. బయటికొచ్చి, గేటు వేసి, మళ్లీ తాళం పెట్టాను. నా ముందు నుంచే రెండు మేకలు ప్రాకారంలోంచి నడుచుకుంటూ వెళ్లాయి.

సంజమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. కొళాయి నీళ్లు, చల్లగా ఉన్నాయి. నేను తాగేదాకా ఆగి, చెంబు తీసుకుని, గేటు వైపు చూసింది.

"తాళం బాగా పడిందా సార్? గాలి గీలి లోపలికి పోతాదేమో, ఒగసారి చూడండ."

నేను తాళం పట్టుకుని లాగి చూశాను. గట్టిగానే ఉంది.